తీగ లేని చూపు

ఇప్పటి స్టూడియోల్లో ఫోటో తీయించుకునే మనిషి కెమెరా వంకే చూస్తుంటుంది. కెమెరా మాత్రం ఆమెను ఇంకెవరికో చూపిస్తూ వుంటుంది. షట్టర్ పడ్డ కాసేపట్లోనే ఆ బొమ్మ వైఫై మీదుగా గదిలో ఎక్కడో వున్న ట్యాబ్‌లోకో, గోడకున్న టీవీలోకో చేరిపోతుంది. వెలుగు సరిపోయిందా, ఫోకస్ కళ్ల మీద పడిందా, పమిట కుచ్చిళ్లు చెదిరాయా అన్నది అప్పటికప్పుడే తెలుస్తుంది. ఈ సౌలభ్యాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ బొమ్మ తయారవుతుండగానే దాన్ని చూసే హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా దీనితోపాటే గదిలోకి వచ్చింది. అది సాంకేతిక విషయం కదా అని స్త్రీలుగా మనం వదిలేసేది కాదు.

ప్రశ్న పాతదే. 1892లో రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే కుటుంబాల స్త్రీల కోసం చుట్టూ ఎత్తయిన గోడలు పెట్టి, నిర్వహణ మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీకి అప్పగించాడు. కెమెరా వెనక పరాయి మగవాడి కన్ను వుండకూడదన్నది ఆ ఏర్పాటు. అంటే తీసే కంటికి కాపలా పెట్టారు. బొమ్మ అచ్చయి బయటికొచ్చాక ఎవరెవరి కళ్లబడాలన్నది ఆ గోడలు తేల్చగలిగే సంగతి కాదు.

ఫిల్ము రోజుల్లో తీసేవారికీ, తీయించుకునేవారికీ కూడా ఆ క్షణాన బొమ్మ కనపడేది కాదు. ఆ చీకటిలో ఇద్దరికీ ఒక రకమైన సమానత్వం వుండేది. 1948లో అమ్మకానికొచ్చిన పోలరాయిడ్ దాన్ని కొంత కదిలించింది. స్టూడియోల వాళ్లు వెలుగును పరీక్షించుకోవడానికి ముందుగా ఒక పోలరాయిడ్ తీసి చూసుకునేవారు. డిజిటల్ వచ్చాక కెమెరాను తీగతో కంప్యూటర్‌కు కలిపారు. యూఎస్‌బీ 2.0 తీగ నిడివికి హద్దు 5 మీటర్లు. కాబట్టి తెర కెమెరా దగ్గర్లోనే, ఫోటోగ్రాఫర్ పక్కనే వుండాల్సి వచ్చేది. తీగ పోయాక తెరకు స్థలం పోయింది. అది ఎవరి ఒళ్లోకయినా చేరగలదు.

నా పుస్తకం వెనక అట్ట మీద ఫోటో కావాలంటే హైదరాబాదులో ఒక స్టూడియోకి వెళ్లాను. నాకంటే ముందు ఒకమ్మాయి వుంది. సంబంధాలకు పంపే ఫోటోలు. లైట్ల మధ్య ఆమె, ఎదురుగా ఫోటోగ్రాఫర్, పక్కన సోఫాలో వాళ్లమ్మ, మేనత్త, బాబాయి. ట్యాబ్ బాబాయి చేతిలో వుంది. క్లిక్కుమన్న ప్రతిసారీ మూడు తలలు దాని మీదికి వంగేవి. "గడ్డం కొంచెం దించమనండి." "నవ్వమనండి, మరీ పళ్లు కనపడేట్టు కాదు." "అట్లా నుంచుంటే లావుగా కనపడుతోంది వదినా." ఆ అమ్మాయి ఒకసారి, "నాకూ చూపించండి" అంది. "కదలకు తల్లీ, అయ్యాక చూద్దువుగాని" అంది వాళ్లమ్మ, ప్రేమగానే.

ఆ ప్రేమను నేను శంకించటం లేదు. పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు చూసి బేరీజు వేస్తారు. ఇక్కడ ఆ బేరీజు ఇంకా ముందుకు జరిగి, ముఖకవళిక పుట్టే చోటికే వచ్చేసింది. వెనకటి స్టూడియోలో కూడా పెద్దవాళ్లు పక్కన కూర్చునేవారు, సలహాలు చెప్పేవారు. కానీ వాళ్లు చూసింది అమ్మాయిని. ఇప్పుడు అమ్మాయి ఎదురుగా వుండగానే ఆమెను వదిలి బొమ్మను చూస్తున్నారు, బొమ్మకు తగ్గట్టు అమ్మాయిని సరిచేస్తున్నారు. చట్టం కూడా వాళ్ల వైపే వుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, డబ్బిచ్చి ఫోటో తీయించినవారే దానికి తొలి హక్కుదారు. ఫోటోలో వున్న మనిషి ఆ లెక్కలోకి రాదు.

అయితే ట్యాబ్ ఆ అమ్మాయికే ఇస్తే సరిపోతుందా? ఇక్కడ నాకు సందేహం. స్త్రీ తనను ఎవరో చూస్తున్నట్టుగా తనను తాను చూసుకుంటూ బతకటం నేర్చుకుంటుందని జాన్ బెర్జర్ 1972లోనే గుర్తించాడు. క్లిక్కు క్లిక్కుకూ తన ముఖం తనకు తిరిగొస్తుంటే, సోఫాలో ముగ్గురూ చేసే పని ఆమె ఒక్కతే చేసుకోవలసి రావచ్చు. నా వంతు వచ్చినప్పుడు ఫోటోగ్రాఫర్ మర్యాదగా ట్యాబ్ నా పక్కనే పెట్టాడు. నాలుగో ఫోటోకల్లా నేను ఆలోచిస్తున్నది నా పుస్తకం గురించి కాదు, నా బుగ్గల గురించి. ట్యాబ్ బోర్లా పెట్టమన్నాను. చూడకుండా వుండటం కూడా ఒక్కోసారి మనక్కావలసిన వెసులుబాటే.

ఇంగ్లండులో జో స్పెన్స్, రోజీ మార్టిన్ 1980లలో ఫోటోథెరపీ పేరుతో ఒకరినొకరు తీసుకున్నారు. కెమెరా ముందున్న మనిషే ఏం ధరించాలో, ఏ జ్ఞాపకాన్ని ఆడాలో నిర్ణయించుకునేది. ఆ పనికి ఇప్పటి తెరల వేగం అవసరం రాలేదు. నిర్ణయం ఎవరిదన్నదే ముఖ్యమయింది.

చూడగలగటానికీ, వద్దనగలగటానికీ మధ్య వున్న దూరం మరో చోట ఇంకా కటువుగా కనపడుతుంది. 1962 జూన్‌లో బెర్ట్ స్టెర్న్ లాస్ ఏంజెలెస్‌లోని ఒక హోటల్లో మార్లిన్ మన్రోను వోగ్ పత్రిక కోసం ఫోటోలు తీశాడు. కాంటాక్ట్ షీట్లు ఆమెకు పంపించాడు. నచ్చనివాటి మీద ఆమె కొట్టివేత గీతలు గీసింది, కొన్ని ఫిల్ముల్ని హెయిర్‌పిన్నుతో గీకేసింది. ఆగస్టులో ఆమె చనిపోయింది. ఆమె వద్దన్న బొమ్మలు ఆ తర్వాత అచ్చయ్యాయి, గీతలతో సహా. ఆ గీతలే వాటికి అదనపు ఆకర్షణ అయ్యాయి కూడా. గీకటానికి ఆమెకు ఫిల్ము అయినా చేతికందింది.

వైర్‌లెస్‌లో అదీ లేదు. చాలా ఏర్పాట్లలో ట్యాబ్‌కు వచ్చేది చిన్న జేపెగ్ నకలు మాత్రమే. అసలైన రా ఫైలు కెమెరాలోని మెమరీ కార్డులోనే వుండిపోతుంది. ట్యాబ్‌లో తీసేస్తే పోయేది నకలే. నేను రెండు ఫోటోలు వద్దన్నప్పుడు ఆ అబ్బాయి ట్యాబ్‌లో చకచకా తీసేశాడు. కార్డులోవి కూడా తియ్యమన్నాను. ఒక క్షణం ఆగి, అవీ తీశాడు. ఇంకెక్కడయినా వుంటాయా అని అడిగితే, "కంప్యూటర్లోకి ఆటోమేటిగ్గా వెళ్లిపోతాయి మేడమ్, దాని పాస్‌వర్డు ఓనరు గారి దగ్గరుంటుంది" అన్నాడు. ఓనరు ఆ రోజు రాలేదు. ఆ అమ్మాయి ఫోటోలు అప్పటికే బాబాయి ఫోన్లోంచి ఎవరికో వెళ్తున్నాయి. ఆమె అద్దం ముందు పూలు తీసుకుంటోంది.