ఈల మళ్ళీ ఎవరి చేతికి?



మొన్నొక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి వసారాలో యువకులు గట్టిగా వాదులాడుకుంటున్నారు. పండుగ పోటీలకు మన ఫుట్‌బాల్ జట్టును ఎవరు తయారు చేయాలన్నదే తగవు. పదవీ విరమణ చేసి ఏడేళ్ళయిన డ్రిల్లు సారును మళ్ళీ పిలుద్దామని సగం మంది అంటున్నారు. "ఆయన కాలం అయిపోయింది, ఇంటిపట్టున ఉండనీయండి" అని మిగతా సగం. రెండేళ్ళుగా పిల్లలకు ఆట నేర్పుతున్న కుర్రవాడు మాత్రం ఒక పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. "ఫాదరూ, మీరే చెప్పండి" అన్నారు. వెంటనే చెప్పలేకపోయాను.

ఈ చిక్కు మన విచారణకే కొత్తగా వచ్చింది కాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ పేరు పాత ఫుట్‌బాల్ అభిమానులకు తెలుసు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టుకు ఆయనే నాయకుడు. శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. 1997-98లో భారత జట్టుకు శిక్షణ ఇచ్చిన ఆయన, అరవై దాటిన వయసులో 2005లో మళ్ళీ అదే బాధ్యతకు వచ్చారు. ఆ డిసెంబరులో మన జట్టు కరాచీలో దక్షిణాసియా కప్పు గెలిచింది. రెండు నెలలు దాటగానే, 2006 ఫిబ్రవరిలో, జపాను చేతిలో 6-0 తేడాతో ఓడింది. ఆ ఏడాదే బాధ్యత ఇంగ్లండు శిక్షకుడు బాబ్ హౌటన్ చేతికి వెళ్ళింది.

ఆయన తిరిగి రావడం మంచిదా, కాదా? గెలుపును బట్టి తీర్పు చెప్పేవాడు డిసెంబరులో "ఎంత మంచి పని!" అనాలి, ఫిబ్రవరిలో "ఎంత పొరపాటు!" అనాలి. ఒకే నిర్ణయం రెండు నెలల్లో పుణ్యమూ పాపమూ కాలేదు గదా! కాబట్టి ఫలితం కాక వేరే కొలబద్ద కావాలి.

పునీత తోమా అక్వినాసు గారు ఇక్కడ మనకు సాయపడతారు. తన శక్తికి మించినదాన్ని తలకెత్తుకోవడం ఒక దోషం. శక్తి ఉండి కూడా వెనుకడుగు వేయడం మరొక దోషం. యజమాని ఇచ్చిన ధనాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుణ్ణి ఈ రెండవ దోషానికే ఆయన ఉదాహరణగా చూపుతారు. అంటే, "నాకెందుకులే" అని ఇంట్లో కూర్చోవడం ఎప్పుడూ వినయమే కాదు. ఒక్కోసారి అది వినయం ముసుగు వేసుకున్న పిరికితనం.

హైదరాబాదుకే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని చూడండి. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి దేశానికే శిక్షకుడయ్యారు. 1962లో క్యాన్సర్ వ్యాధితో బాధపడుతూనే జట్టును జకార్తాకు తీసుకెళ్ళారు. ఆఖరి పోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. వయసో, జబ్బో ఒక్కటే మనిషిని పనికిరానివాణ్ణి చేయదని ఆ జీవితం చెబుతుంది.

అయితే పిలిచేవారి మనసు కూడా పరీక్షించుకోవాలి. మనం పాత గురువును పిలిచేటప్పుడు నిజంగా ఆయననే పిలుస్తున్నామా? లేక ఆయన ఈల ఊదిన రోజుల్లో మనకున్న పడుచుదనాన్ని వెనక్కి పిలుస్తున్నామా? అది ఏ గురువూ తెచ్చి ఇవ్వలేడు. తేలేదని ఆయనను నిందించడం అన్యాయం.

మన సీమ రైతులను అడగండి. వేరుశనగ విత్తేటప్పుడు కొడుకు తోలిన సాలు వంకర పోతుంది. అది చూసి తండ్రి చేయి ఊరుకోదు. గొర్రు లాక్కుంటే ఆ సాలు చక్కగా వస్తుంది. కానీ పై ఏడు కూడా కొడుకు సాలు వంకరే. చేను బాగుపడి చేతికి పని రాకపోతే ఆ ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇతరుల మాట ఎందుకు, నా తప్పే చెబుతాను. ఒక విచారణ నుండి బదిలీ అయ్యాక అక్కడి వారు పెళ్ళికీ, గృహప్రవేశానికీ, చివరికి తగవులకు కూడా నన్నే పిలిచేవారు. వెళ్ళేవాణ్ణి. "మీరున్నప్పటిలా లేదు ఫాదరూ" అంటే పైకి వారించేవాణ్ణి, లోపల మురిసిపోయేవాణ్ణి. నా తరువాత వచ్చిన చిన్న గురువు ఒంటరివాడైపోతున్నాడని గమనించడానికి నాకు ఏడాది పట్టింది. అది సేవ అనుకున్నాను. నిజానికి అది నా ఆకలి.

పదహారవ బెనెడిక్టు పోపుగారు 2013 ఫిబ్రవరి 28న పదవి నుండి తప్పుకున్నారు. అంతకుముందే, రాబోయే వారసునికి విధేయుడనై ఉంటానని మాట ఇచ్చారు. 2022 డిసెంబరు 31న మరణించేవరకూ ఎక్కువగా ప్రార్థనలోనే గడిపారు. కొందరు ఆయన పేరును కొత్త పోపుగారికి ఎదురు నిలపాలని చూసినా ఆయన ఆ పక్షానికి నాయకుడు కాలేదు. మోషే సైతం తన చేతులను యెహోషువ తలపై ఉంచి, ప్రజలందరి ఎదుట అధికారం పంచి ఇచ్చాడు.

కనుక తిరిగి రమ్మని పిలుపు వచ్చినవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నన్ను పిలుస్తున్నది అవసరమా, జ్ఞాపకమా? నేను వెళితే ఎవరి చోటు పోతుంది? మళ్ళీ వదిలి వచ్చే రోజును ఇప్పుడే అనుకున్నానా? మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకోగలిగినవారు నిర్భయంగా వెళ్ళవచ్చు.

ఆ సాయంత్రం డ్రిల్లు సారు ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "వస్తాను ఫాదరూ. కానీ ఈల ఆ పిల్లవాడి దగ్గరే ఉండాలి" అన్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం మైదానం గట్టున కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఆట మధ్యలో ఆ కుర్రవాడే పరుగెత్తుకొచ్చి ఏదో అడిగి వెళుతున్నాడు. పండుగనాడు మనం గెలుస్తామో లేదో నాకు తెలియదు. ఆ కుర్రవాడు మాత్రం ఇప్పుడు తల ఎత్తి నిలబడుతున్నాడు.