రక్షించే హక్కు

అద్భుత కథలంటే మన అభ్యుదయ శిబిరంలో చాలామందికి చిన్నచూపు. రాజులు, మాంత్రికులు, జోస్యాలు - ఇదంతా జనాన్ని జోకొట్టే సరుకని తరగతి గదుల్లో చెబుతూ వచ్చాం. నేనూ చెప్పాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ అద్భుత కథనే చేతబట్టి సమ్మెను, తిరుగుబాటును, నాయకత్వాన్ని గురించి నవల వ్రాసిన బ్రిటిష్ రచయిత చైనా మియేవిల్‌ను చదివిన తర్వాత, నా మట్టుకు నాకు ఆ పాఠాన్ని అదే గొంతుతో మళ్ళీ చెప్పడం సాధ్యం కాలేదు.

మియేవిల్ 1972లో పుట్టి, లండన్‌లో పెరిగాడు. కేంబ్రిడ్జిలో సామాజిక మానవశాస్త్రం చదివాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అంతర్జాతీయ న్యాయంపై మార్క్సిస్టు దృష్టితో పరిశోధన చేశాడు. అది 2005లో పుస్తకంగా వచ్చింది. 2001 సార్వత్రిక ఎన్నికల్లో సోషలిస్ట్ అలయన్స్ పక్షాన నిలబడి ఓడిపోయాడు. రష్యా విప్లవానికి నూరేళ్ళు నిండిన 2017లో, 1917 సంవత్సరాన్ని నెల తర్వాత నెలగా చెబుతూ 'అక్టోబర్' అనే చరిత్ర వ్రాశాడు. రాజకీయాలను చొక్కాకు గులాబీలా గుచ్చుకున్న మనిషి కాడు. టోల్కీన్ కథలు పాఠకుణ్ణి ఓదార్చి ఇంటికి పంపిస్తాయని ఘాటుగా విమర్శించాడు. అదే టోల్కీన్‌లో మెచ్చదగినవేమిటో తర్వాత తానే వ్రాశాడు. మన విమర్శకులలో ఈ రెండో పని చేసేవారు తక్కువ.

ఆయన నవలల్లో పేరెక్కువ 'పెర్డీడో స్ట్రీట్ స్టేషన్' (2000)కీ, 'ది సిటీ అండ్ ది సిటీ' (2009)కీ. నేను పట్టుకున్నది మాత్రం 2004లో వచ్చిన 'ఐరన్ కౌన్సిల్'. మరుసటి ఏడు దానికి ఆర్థర్ సి. క్లార్క్ బహుమతి వచ్చింది.

కథ ఇది. న్యూ క్రోబుజన్ అనే నగరం నుంచి ఒక కంపెనీ బీడుభూముల మీదుగా రైలు మార్గం వేస్తూ పోతుంది. పని చేసేవారిలో కూలీలున్నారు. శిక్ష పేరిట శరీరాలకు యంత్రాలో జంతువుల అవయవాలో అతికించబడ్డ ఖైదీలున్నారు. ఆ కూలీల వెంట బతికే వేశ్యలున్నారు. జీతాలు బకాయి పడతాయి. అప్పు మీద మా దగ్గరకు రావద్దని మొదట ఎదురు తిరిగినది ఆ స్త్రీలే. వారిని నడిపినది ఆన్ హారీ. చిలికి చిలికి అది గాలివాన అవుతుంది. రైలు కార్మికుల పరమవుతుంది. వెనుక పట్టాలు ఊడబెరికి ముందు పరుచుకుంటూ, ఎవరి పటంలోనూ లేని దేశాలలోకి వాళ్ళు సాగిపోతారు. రైలే ఊరు, రైలే ప్రభుత్వం. సమ్మెను గురించి ఇంత గొప్ప ఊహ వాస్తవిక నవలల్లో నాకు కనబడలేదని ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ళ తర్వాత నగరంలో తిరుగుబాటు లేస్తుంది. దానికి అండగా రైలు వెనక్కి తిరుగుతుంది. అయితే అది చేరేసరికి తిరుగుబాటు నెత్తుట్లో మునిగిపోయింది; సైన్యం కాచుకుని ఉంది. హెచ్చరికలు అందినా రైలు ఆగదు. అప్పుడు జుడా లో అనే మాంత్రికుడు, వాళ్ళ పాత సహచరుడే, తన విద్యనంతా కూడగట్టి కాలంతోనే ఒక బొమ్మను చేసి, ఆ రైలును ఒక్క క్షణంలో బంధించేస్తాడు. సైన్యం దాన్ని తాకలేదు. అదీ కదలలేదు. జుడా వాళ్ళను రక్షించాడు. అందుకు ఆన్ హారీ అతన్ని కాల్చి చంపుతుంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇంత కృతఘ్నతా అనుకున్నాను. ఆ కోపం ఎక్కడిదో తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

నేను పనిచేసిన ఒక కళాశాలలో, హాస్టలు విద్యార్థులు స్కాలర్‌షిప్ బకాయిల కోసం సభ జరిపి, ఊరేగింపుగా వెళ్ళాలని తీర్మానించారు. ముందురోజు రాత్రి నాకొక కబురు వచ్చింది: దారిలో పోలీసులను దింపారు, ఈసారి వదలరు. నేను ఆ కబురు పిల్లలకు చెప్పలేదు. అధికారులు రెండు రోజుల్లో చర్చలకు పిలుస్తున్నారని అబద్ధమాడాను. వాచ్‌మన్ చేత గేటుకు తాళం వేయించాను. ఊరేగింపు జరగలేదు, ఎవరి తలా పగల్లేదు. చర్చలూ జరగలేదు. ఆ తర్వాత ఎవరు సభ పెడదామన్నా పదిమంది రాలేదు. ఆ తీర్మానం ప్రతిపాదించిన అమ్మాయి నాతో ఒక్కటే అంది: "మాస్టారూ, మీరు మమ్మల్ని కాపాడింది పోలీసుల నుంచా, మా నుంచా?" మళ్ళీ మా స్టడీ సర్కిల్‌కు రాలేదు.

జాన్ స్టూవర్ట్ మిల్ ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఆయన మనవాడు కాడు, అయినా పనికొస్తాడు. కూలబోయే వంతెన మీదికి తెలియక పోతున్నవాణ్ణి, చెప్పే వ్యవధి లేకపోతే, పట్టి ఆపవచ్చు. వ్యవధి ఉంటే హెచ్చరించడమే మన పని. తెలిసీ పోతానంటే దారి అతనిది. ఈ కొలతతో చూస్తే జుడా తప్పు కొంత తేలికపడుతుంది, నాది బరువెక్కుతుంది. అతను ఆపినవారికి విషయం తెలుసు. అతను తోసిపుచ్చినది వాళ్ళ నిర్ణయాన్ని. నేను వాళ్ళకు నిర్ణయించుకునే అవకాశమే లేకుండా చేశాను. రాత్రంతా వ్యవధి ఉంది.

అయినా మిల్ కొలత చాలదు. అతని వంతెన మీద ఉన్నది ఒక్క మనిషి. ఊరేగింపు అనేది ఒక్క మనిషి కాదు. ఆ హాస్టలులో ఇంటర్ చదివే పిల్లలున్నారు, సభలో భయపడి చెయ్యెత్తినవాళ్ళున్నారు. "ప్రజల నిర్ణయం" అన్న మాట వెనుక వాళ్ళను దాచేయడం కూడా నిజాయితీ కాదు. ఇది ఆన్ హారీకి వేయవలసిన ప్రశ్న. నవల దీన్ని గట్టిగా వేయలేదని నా ఫిర్యాదు.

కాని ఒక విషయంలో ఆమెదే న్యాయం. ఆగిపోయిన రైలు ఓడలేదు, గెలవనూ లేదు. అలాంటి విప్లవంతో పాలకులు ఎంతకాలమైనా కాపురం చేయగలరు. జనం దాన్ని చూసిపోవచ్చు, దండం పెట్టవచ్చు. ఎక్కడానికి మాత్రం వీల్లేదు.

నవల వచ్చిన తొమ్మిదేళ్ళకు, 2013లో, మియేవిల్ తన సోషలిస్ట్ వర్కర్స్ పార్టీని విడిచిపెట్టాడు. ఒక నాయకుడిపై వచ్చిన లైంగిక హింస ఆరోపణను పార్టీ తన కమిటీతోనే విచారించుకున్న తీరుపై ఆనాడు చాలామంది బయటకు నడిచారు. దానిని ముందే ఊహించి నవల వ్రాశాడనడం అర్థం లేని మాట. సభ్యుల మేలు నాయకత్వానికే బాగా తెలుసుననే ధోరణి మాత్రం ఆ పార్టీతో మొదలు కాలేదు, దానితో అంతమూ కాలేదు.

మొన్న మా స్టడీ సర్కిల్‌లో ఈ నవలను చర్చకు పెట్టాను. ఉపాధ్యాయులలో ఎక్కువమంది జుడా పక్షం వహించారు. విద్యార్థులు దాదాపు అందరూ ఆన్ హారీ వైపు. రెండు గంటలు వాదించుకున్నారు. నన్నడిగితే, అధ్యక్ష స్థానంలో ఉన్నానని తప్పించుకున్నాను. గేటు తాళం సంగతి ఆ పిల్లలకు ఇంకా చెప్పలేదు. వచ్చే నెల సభలో, ఈ వ్యాసం వాళ్ళ చేతికి రాకముందే చెప్పాలి.