స్వంత అచ్చు – స్వేచ్ఛ

తన నవలను తానే అచ్చువేసుకున్న రచయిత స్వతంత్రుడేనా? చంద్రగిరి ప్రాంతంలో యిది గాలి ప్రశ్న కాదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తిరుపతి పరిసర పల్లెల రైతుల పలుకుబడినే వచనంగా మలిచారు. తమ పుస్తకాలు కొన్నిటిని తామే ప్రచురించుకున్నారు. ఆ పలుకుబడిని ‘సంస్కరించే’ అధికారాన్ని పరుల చేతికివ్వకపోవడం రచయిత హక్కేనని నా అభిప్రాయం.

అయితే ప్రచురణకర్త నుంచి విముక్తి వేరు, విమర్శ నుంచి విముక్తి వేరు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడితే మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అది పాలకుల భయం వేసిన వేటు. వ్రాతప్రతిలో ఒక పేరాను స్నేహితుడు కొట్టివేస్తే, అది పాఠకుని పక్షాన పడ్డ వేటు. యీ రెంటినీ ఒకే గాటకు కట్టరాదు.

మరొక చిక్కు వున్నది. కాగితానికీ, అచ్చుకూలికీ, బైండింగుకూ ముందుగా డబ్బు పెట్టగలవారికే యీ స్వాతంత్ర్యం. కూలివాని నవల ట్రంకుపెట్టెలోనే మగ్గుతుంది. 1953లో ఏర్పడిన విశాలాంధ్ర ప్రచురణాలయం వంటి సమష్టి ప్రయత్నాల అవసరం అందుకే తీరలేదు.

కనుక నవలాకారులారా, అచ్చుకు యిచ్చేముందు, ఎవరి బ్రతుకు వ్రాశారో వారికి చదివి వినిపించండి. వారు ముఖం తిప్పుకున్నచోట ఆగి, తిరగవ్రాయండి. పెట్టుబడి మీదే కావచ్చు. భాష మాత్రం వారి వద్ద తెచ్చుకున్న అప్పు.