నష్టపరిహారము: ఋణమా, దానమా?

నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో వ్యాపారములోనికి దిగినవాడను. కనుక ధర్మసూక్ష్మమునైనను జమాఖర్చుల భాషలోనే ఆలోచింతును. పద్దు పుస్తకమున బాకీకి ఒక పుట, దానమునకు ఒక పుట. ఒకదానిని రెండవదానిలో వ్రాసినచో లెక్క తప్పును. విధినిర్వహణలో మరణించిన పోలీసు కుటుంబమునకు ఇచ్చు సొమ్ము ఏ పుటలో వ్రాయవలెను?

2008 నవంబరు 26 రాత్రి గిర్గాం చౌపాటీ వద్ద తుకారాం ఓంబ్లే చేతిలో లాఠీ మాత్రమే యున్నది. ఎదుటివాని తుపాకి గొట్టమును పట్టుకొని గుండ్లను తన దేహమున తీసుకొనెను. కసబు ప్రాణముతో చిక్కెను. 2009లో ఓంబ్లేకు అశోకచక్రము లభించినది.

కాని అన్ని మరణములు లోకము కంట పడవు. 2020లో కరోనా నాడు కామాఠిపురాలోను, దాదరులోను మనము తలుపులు మూసికొంటిమి. వారు వీధిలో నిలిచిరి. విధిలో కరోనాతో మరణించిన పోలీసుల కుటుంబములకు మహారాష్ట్ర ప్రభుత్వము 50 లక్షల రూపాయలు ప్రకటించెను.

మా వీధిలో బందోబస్తు చేసిన ఒక కానిస్టేబులు ఆ యేటనే పోయెను. అతని భార్య కాగితము వ్రాయించుకొనుటకు నా దుకాణమునకు వచ్చెను. నేను కొంత సొమ్ము ఆమె చేతిలో పెట్టి ధర్మఖాతాలో వ్రాసికొంటిని. ఆమె ఆ సొమ్మును చూడనైనను లేదు. "సేట్‌జీ, మా కాగితాలు ఎప్పుడు కదుల్తాయి?" అని మాత్రము అడిగెను. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు.

"అపాయమని తెలిసియే చేరెను, జీతము పుచ్చుకొనెను గదా" అని కొందరందురు. జీతము పనికి వెల, ప్రాణమునకు కాదు. బస్తా మోయు హమాలీకి కూలి యిచ్చితిని గనుక, అతని నడుము విరిగినచో నాకేమి అనగలనా? 1923 నాటి కార్మిక పరిహార చట్టము ఈ ప్రశ్నకే బదులు చెప్పినది. పనిలో నుండగా, పని వలన హాని కలిగినచో యజమాని తప్పు లేకున్నను చెల్లించవలసినదే. మృతుని జీతములో కొంత భాగమును వయస్సును బట్టిన అంకెతో హెచ్చవేయు పద్ధతి పిదప వచ్చినది. చిన్నవానికి అంకె పెద్దది. ఏలయన ఆగిపోయిన సంపాదన దినములు ఎక్కువ. అనగా అది ప్రాణమునకు కట్టిన వెల కాదు, ఆగిన జీవనమునకు కట్టిన లెక్క.

పోలీసులకు నిబంధనలు వేరు కావచ్చును, న్యాయము ఒక్కటే. ఇక్కడ యజమాని ఎవరు? ప్రభుత్వము పేరిట మనమే. చీమకైనను హాని చేయరాదని నియమము పట్టిన మనము, మన బదులు దెబ్బ తిన్నవానిని మరువవచ్చునా?

దానము ఇచ్చువాని దయ. బాకీకి గడువు కలదు. దానికై ఎవరును చేయి చాపనక్కరలేదు. ఆ రాత్రియే ధర్మఖాతాలోని పద్దు కొట్టివేసి బాకీల పుటలో వ్రాసితిని. మరునాడు ఆమె వెంట కచేరీకి పోతిని. సోదరులారా, మీ పద్దులను కూడ ఒకమారు చూచుకొనుడు.