విశేషాలేం లేవు

"ఒక్క డీఎన్ఏ టెస్టుతో తేలిపోయేదాన్ని ఇన్నేళ్లు సాగదీయడమేంటమ్మా?"

'కార్తీక దీపం' చూస్తున్న మా అమ్మని ఒకసారి ఇలా అడిగాను. నేనొక్కడినే కాదు, అప్పట్లో మీమ్స్ చేసిన ప్రతివాడూ ఇదే అడిగాడు. హీరో డాక్టరు. దీప కన్నది తన పిల్లల్నేనా అన్నది అతని అనుమానం. రోజంతా బగ్‌లు వెతుక్కునే నాకు అది కథలా కాదు, ఎవరూ క్లోజ్ చెయ్యని టికెట్‌లా కనిపించేది.

అమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "చేయించాడనుకో. అప్పటిదాకా దీపని అన్న మాటలు ఎక్కడికి పోతాయి?" అంది.

ఆ జవాబు నాకు 2022లో గానీ ఎక్కలేదు. ఆ ఏడాది దీపనీ కార్తీక్‌నీ ప్రమాదంలో చంపేసి, పిల్లలు హిమ, శౌర్యలను పెద్దవాళ్లను చేసి కథని ముందుకు దూకించారు. అంతకన్నా పెద్ద మలుపు ఆ సీరియల్లో ఇంకోటి లేదు. జనానికి మింగుడుపడలేదు. మా ఇంట్లో ఏడున్నరకి ఛానల్ మారిపోయింది. కొన్ని నెలలకే ఆ ఇద్దర్నీ బతికించి తీసుకొచ్చారు.

అసలు ఆ సీరియల్లో రహస్యం మనకెప్పుడూ రహస్యం కాదు. మోనిత ఆడిన అబద్ధం పాత్రలకన్నా ముందే మనకి తెలుసు. మరి పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లలో జనం చూసిందేంటి? భార్య పేరెత్తితే మండిపడే మనిషి, ఆమె దగ్గర పెరిగే పిల్లని "రౌడీ" అని పిలుచుకుంటూ మురిసిపోవడం. నల్లగా ఉందని దీపని కాదన్న సౌందర్యే, తర్వాత అదే కోడలి తరఫున కొడుకుని నిలదీయడం. ప్రమాదం ఒక ఎపిసోడ్లో అయిపోతుంది. ఒక మనిషి ఇంకో మనిషిని పిలిచే తీరు మారడానికి మాత్రం ఏళ్లు పడతాయి. రెండున్నర గంటల సినిమాకి అంత తీరిక ఎక్కడిది? (ఒకే మొహాన్ని మూడుసార్లు జూమ్ చెయ్యడాన్ని నేను సమర్థించడం లేదు.)

ఇక్కడ నాకో ఇబ్బంది ఉంది. అన్నేళ్లు అవమానించిన మొగుడు తిరిగొస్తే చాలు, లెక్క సరిపోయినట్టే చూపిస్తారు. ఓర్చుకోవడమే గొప్పతనం అవుతుంది. సన్నివేశాలు ఎంత బాగున్నా ఈ తప్పు మాఫీ కాదని ఇప్పటికీ అనుకుంటాను. అమ్మతో అదే అన్నాను.

"సరిపోయిందని నీకెవరు చెప్పారు? ఆ పిల్ల మొహం ఎప్పుడైనా చూశావా?"

మీమ్స్‌లో తప్ప చూడలేదు.

నాన్న పోయాక అమ్మకి రోజూ ఫోన్ చేసేవాణ్ని. "విశేషాలేంటమ్మా?" "ఏం లేవురా, అంతా మామూలే." నిమిషంలో కాల్ అయిపోయేది, మా ఆఫీసు స్టాండప్ మీటింగ్ కన్నా త్వరగా. ఒంటరిగా ఉండే మనిషి ఇంట్లో రోజూ ఏం విశేషాలుంటాయి? ఉన్నవి నేనడిగే ప్రశ్నకి అందేవి కావు. ఒకరోజు మాటలేం దొరక్క "ఇవాళ దీప ఏమంది?" అన్నాను. దీప అన్నది చెబుతూ చెబుతూ, రెండ్రోజులుగా రాత్రిపూట వంట చేసుకోవడం లేదని కూడా చెప్పింది.

సీరియల్ 2023 జనవరిలో అయిపోయింది. మొన్న అమ్మ, పక్కింటావిడ తనతో ముభావంగా ఉంటోందని ఇరవై నిమిషాలు చెప్పింది. ఎందుకని అడగబోయి ఆగాను.

"ఎదురుపడితే మొహం ఎలా పెడుతోంది?" అన్నాను.