పికప్పా, టాపా

“పికప్ గావాల్నా సార్, టాప్ గావాల్నా?”

శంషాబాద్‌లో బెంగళూరు హైవే పక్కన షెడ్డు నడిపే ఉస్తాద్ ఎవరొచ్చినా ముందు అడిగే మాట ఇది. రెండూ కావాలంటే నవ్వి ఊరుకుంటాడు. ఆర్ఎక్స్ 100 మీద వచ్చిన కుర్రాడైతే పని సులువే. పికప్ కావాలంటే వెనక రెండు పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్ వేసి పంపేస్తాడు. కారుకి అలా కుదరదు. క్రౌన్ పినియన్ మార్చాలి, అంటే వెనక యాక్సిల్ విప్పాలి, డబ్బు పెట్టాలి. అందుకే కార్ల పిచ్చి ఉన్నవాళ్లం దొడ్డిదారి వెతుకుతాం. గేరు జోలికి పోకుండా వెనక టైరు సైజు మారిస్తే సరిపోదా అని.

మన దగ్గర ఎక్కువ కార్లని లాగేవి ముందు చక్రాలు. వాటికి వెనక లావు టైర్లు వేయిస్తే ఫొటోలకి తప్ప పనికి రావు. నాది వెనక చక్రాలు తోసే కారు, సెకండ్ హ్యాండ్‌ది. కనక ఈ లెక్కలు వేసుకునే అర్హత నాకుందని నా నమ్మకం.

లెక్క మరీ కష్టమేమీ కాదు. 205/55 ఆర్16 టైరు వ్యాసం 632 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్లకి కాస్త తక్కువ దూరం పోతుంది. మూడో గేరు నిష్పత్తి 1.4, క్రౌన్ పినియన్‌ది 3.9 అనుకుంటే, ఇంజను 6,500 చుట్లు తిరిగేసరికి కారు గంటకి 142 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నిలబడ్డ చోటి నుంచి తిన్నగా పరిగెత్తే డ్రాగ్ పోటీ దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. చివరి గీత దాటేటప్పటికి ఈ కారు 147 మీద ఉండగలదనుకోండి. ఆ ఐదు కిలోమీటర్ల కోసం గీత ముందు నాలుగో గేరు వేయాలి. క్లచ్ తొక్కి వదిలేలోపు అర సెకను పోతుంది. ఆ వేగంలో అర సెకనంటే ఇరవై మీటర్లు. కారు ఆ ఇరవై మీటర్లూ ఇంజను సాయం లేకుండా దొర్లుతుంది.

225/60 ఆర్16 వేస్తే వ్యాసం 676 అవుతుంది, 7 శాతం ఎక్కువ. మూడో గేరులోనే 152 దాకా పోవచ్చు, గీత దాటాక తీరిగ్గా గేరు మార్చుకోవచ్చు. అయితే మొదటి గేరులో తోపు 6 శాతం పైగా తగ్గుతుంది. మీటరు వంద చూపిస్తుంటే కారు నిజానికి 107 మీద ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద కెమెరాకి ఆ సంజాయిషీ చెప్పుకోలేం.

మొదట్లో తోపు తగ్గడం నష్టమేనా? ఇక్కడే నా ఆలోచన మలుపు తిరిగింది. కొట్టగానే చక్రాలు గిర్రున తిరిగి పొగ లేపే కారైతే, దానికి తోపు ముందే ఎక్కువై ఉంది. ఆ 6 శాతం పోయినా దానికి లోటు లేదు, పైగా మేలు. ఇంజనే బక్కదైతే మాత్రం అదే 6 శాతం మొదటి ఇరవై మీటర్లలోనే పోటీని పోగొడుతుంది. టైరూ అదే, లెక్కా అదే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. పట్టు చాలడం లేదా, బలం చాలడం లేదా అన్నది తేలాకే టైరు కొలత మాట్లాడాలి. మనకి దేని కొరత ఉందో ఒప్పుకోవడం మాత్రం అంత తేలిక కాదు. షెడ్డుకొచ్చే ప్రతివాడూ తన ఇంజను బలానికి టైర్లు తట్టుకోవడం లేదనే చెబుతాడు. నాదీ అదే పాట.

పట్టు గురించి శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. దిగే విమానం చక్రాలు నేల తాకేదాకా తిరగవు. వాటికి ఇంజనుతో సంబంధమే లేదు. పరిగెత్తే నేల ఒక్కసారిగా కదలని చక్రాన్ని తిప్పుతుంది, అప్పుడు తెల్లటి పొగ. డ్రాగ్ కారు బయల్దేరే ముందు చేసే బర్నౌట్‌లో ఇది తిరగబడుతుంది. నేల కదలదు, చక్రమే పిచ్చిగా తిరుగుతుంది, పొగ మాత్రం ఇక్కడా తెల్లదే. రెండు చోట్లా రబ్బరుకీ నేలకీ వేగం కలవడం లేదు. చిత్రమేమిటంటే, ఆ రెండూ పూర్తిగా కలిసిపోయినా పని జరగదు. టైరు ఇసుమంతైనా జారకుండా తోయలేదు. కొద్దిగా జారుతున్నప్పుడే పట్టు అన్నిటికన్నా ఎక్కువ. ఆ కొద్ది దాటితే పడిపోతుంది. మంచి డ్రైవరు పాదం ఉండేది ఆ సన్నటి అంచు మీద.

ఈ ఊరి గాలి ఇంకో చిక్కు. ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక గాలితో పోలిస్తే ఇక్కడి గాలి దాదాపు 14 శాతం పలచన. టర్బో లేని ఇంజనుకి ఇంచుమించు అంత బలమూ తగ్గినట్టే. విమానాలూ ఆ వేళప్పుడు ఎక్కువ దూరం పరిగెత్తి గాని లేవవు. అందుచేత చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద బాగా కుదిరిన టైరు, గేరు లెక్క శంషాబాద్ ఎండలో కుదరదు. గీత దగ్గర వేగమే తగ్గినప్పుడు పెద్ద టైరు కొన్న డబ్బు దండగ.

విమానాలకీ ఈ పోటీలకీ చుట్టరికం పాతదే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో డ్రాగ్ పోటీలు విమానాశ్రయాల దారుల మీదే ఊపందుకున్నాయి. 1950లో శాంటా ఆనా విమానాశ్రయంలో టికెట్టు పెట్టి నడిపారు. మన వైపు మద్రాసు వాళ్లు యుద్ధకాలపు షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద ఏళ్ల తరబడి రేసులు పెట్టారు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. 4,260 మీటర్ల రన్‌వే, పావు మైళ్లు పది పట్టేంత పొడవు. అదే ఏడాది జూన్‌లో అమెరికాలో స్కాట్ కలిట్టా అనే పేరున్న డ్రాగ్ రేసరు గీత దాటాక కారు ఆగక చనిపోయాడు. ఆ తర్వాత అక్కడ అతివేగపు తరగతులకి దూరం పావు మైలు నుంచి 1,000 అడుగులకి, అంటే 305 మీటర్లకి తగ్గించారు. ట్రాకు పొడవు పెరగలేదు. గీతని వెనక్కి జరిపారు, ఆగడానికి చోటు పెరిగింది. విమానం పైలట్ అయితే పరుగు మొదలుపెట్టకముందే ఒక వేగం లెక్కేసి ఉంచుకుంటాడు. అది దాటేలోపు ఏదైనా తేడా వస్తే మిగిలిన రన్‌వేలో ఆగగలడు. దాటాక లేవాల్సిందే.

మా షెడ్డులో నేను విన్న మాటలన్నీ బయల్దేరడం గురించే. ఆగడం గురించి ఎవరూ ఎత్తరు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా దాకా పడొచ్చు. అది నన్ను ఆపిందని చెప్పను. ఔటర్ మీద 2010లో ఒక నటుడి ఇంటా, 2011లో ఒక క్రికెటర్ ఇంటా కొడుకులు బైకుల మీద పోయారు. రాత్రి ఖాళీగా కనిపించే ఎనిమిది లేన్ల రోడ్డుకి గీత ఎక్కడుందో, ఆగే చోటు ఎక్కడుందో ఎవరూ గుర్తు పెట్టలేదు. పోటీ అంటే నా వరకు లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ లాంటి చోటే, అంబులెన్సు నిలబడి ఉన్న చోటే.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. వాటికి మార్చే గేర్లే లేవు. చక్రానికీ మోటారుకీ మధ్య ఉన్నది ఒకే నిష్పత్తి. పోతే పోయింది మన తలనొప్పి అనుకున్నాను. పోలేదు. ఆ ఒక్క అంకె ఎంతుండాలో ఎవరో కూర్చుని తేల్చే ఉంటారు, మొదటి మలుపు దాకా ఏం కావాలి, పొడుగు దారిలో ఏం కావాలి అని. ఉస్తాద్ అడిగేదీ అదే కదా.

నా కారుకి 402 మీటర్లు ఏడాదిలో ఎప్పుడో ఒకనాటి సంగతి. మిగతా రోజులన్నీ అది ఆరాంఘర్ చౌరస్తాలో రెండో గేరులో, ఔటర్ మీద ఐదో గేరులో ఆఫీసుకి పోతుంది. ఒక గీత కోసం 7 శాతం మార్చితే ఆ 7 శాతాన్ని అన్ని రోజులూ మోయాలి. అందుకని సైజు మార్చలేదు. అదే 205/55లో మెత్తటి రబ్బరుది, కాస్త ఖరీదైన జత వెనక వేయించాను. తొందరగా అరుగుతాయని ఉస్తాద్ ముందే చెప్పాడు. బ్రేకు ప్యాడ్లు కూడా మార్చమన్నాను, దానికి మాత్రం ఆశ్చర్యపోయాడు. గీత ముందు నాలుగో గేరు వేయక తప్పదు, ఆ అర సెకను పక్క లేన్ వాడిది.