అంచులు కత్తిరించిన కార్డు

చదువవలసిన భాగము: యెహోషువ 9వ అధ్యాయము



మోసపోయినవానిని చూచి, "కన్నులు తెరచి కొనరాదా?" అనుట మనకు వాడుక. మోసము చేసినవాడును ఆ మాట చాటుననే దాగుకొనును. అయితే కొనువాని అజాగ్రత్త అమ్మువాని పాపమును తగ్గించునా? ఈ నెల ఈ ప్రశ్నను ధ్యానింతము.

అమెరికా దేశములో బేస్‌బాల్ అను బంతియాట కలదు. 1909 మొదలు 1911 వరకు అక్కడ సిగరెట్టు పెట్టెలలో ఆటగాండ్ర బొమ్మల కార్డులు పెట్టి అమ్మిరి. వాటిలో హోనస్ వాగ్నర్ అను ఆటగాని కార్డు త్వరలోనే నిలిపివేయబడెను గనుక మిగిలినవి బహు కొద్ది. అరుదైనదానికి వెల హెచ్చు; మూలలు నలుగనిదానికి మరింత హెచ్చు. శోధన ఇక్కడనే పుట్టినది. నలిగిన అంచును సన్నగా కత్తిరించినయెడల మూల క్రొత్తదానివలె కనబడును. ముడతను నొక్కి మాపుదురు. వెలిసినచోట రంగు వేయుదురు.

బిల్ మాస్ట్రో అను వర్తకుడు 1985లో ఒక వాగ్నర్ కార్డును 25,000 డాలర్లకు కొనెను. అది చేతులు మారి 1991లో 4,51,000 డాలర్లకును, 2007లో 28 లక్షల డాలర్లకును అమ్ముడుపోయెను. పరీక్షకులు దానికి 10కి 8 మార్కులిచ్చిరి. తరువాత ఆ వర్తకుడు తన వేలముపాటల మోసమును గూర్చి 2013లో న్యాయస్థానమున నేరము ఒప్పుకొనినప్పుడు, ఈ కార్డు అంచులు కత్తిరించినది తానేయనియు ఒప్పుకొనెను. 2015లో వానికి 20 నెలల చెరసాల విధింపబడెను.

గిబియోనీయులు చేసినదేమి? వారు పాతగోనెలు, బూజుపట్టిన రొట్టెలు చూపి దూరదేశస్థులమనిరి. వీడు పాతదానిని క్రొత్తగా చూపెను. వారు సమీపమును దూరముగా చూపిరి. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెను చూచిరిగాని ప్రభువునొద్ద విచారింపలేదు. అందుచేత సమాజము వారిమీద సణిగెను. అయినను శాపము పెద్దలమీదికి రాలేదు. మోసగించిన వారిమీదికే వచ్చెను. పెద్దలది అజాగ్రత్త, గిబియోనీయులది అబద్ధము. ఈ రెండును ఒకే త్రాసులో తూగవు. గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయరాదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అడ్డమును చూచుకొనలేదని గ్రుడ్డివానిని నిందింపలేదు.

అయినను కొనువానికి బాధ్యత లేకపోలేదు. సంతలో ఎద్దు పళ్లు చూడక సొమ్మిచ్చువాడు మనలో ఎవడు? కార్డు కొనువాడును దానిని అదే రకపు కార్డులతో కొలిచి, అంచును భూతద్దముతో చూడవలెను. పైముద్రను చూచి తృప్తిపడుట చాలదు. ముద్ర వేసినవారును మనుష్యులే. చవుకగా దొరికినదని సంతోషించి ప్రశ్న అడుగకుండుట లోభమే గాని అమాయకత్వము కాదు.

కఠినమైన పరీక్ష మరియొకటి కలదు. కొనిన తరువాత మోసము తెలిసినయెడల ఏమి చేయుదుము? "నేను పోగొట్టుకొన్నది మరియొకని యొద్ద రాబట్టుకొందును" అని దానిని నోరెత్తక అమ్మినవాడు, నిన్న మోసపోయినవాడై యుండియు నేడు మోసగాడగును. మొదటివాడు అంచును కత్తిరించెను. ఇతడు సత్యమును కత్తిరించెను. యెహోషువ అయితే మోసమువలన కలిగిన ప్రమాణపు నష్టమును తానే భరించెను గాని మాట తప్పలేదు.

ప్రియులారా, మనకు అట్టి కార్డులు లేకపోవచ్చును. పాలలో నీళ్లు, ధాన్యములో తాలు, పశువు దాచిన రోగము మన యిండ్లలో నున్నవి. అమ్మునప్పుడు లోపమును ముందుగా చెప్పుదము, కొనునప్పుడు విచారింతము, మోసపోయినప్పుడు ఆ మోసము మనయొద్దనే ఆగిపోవునట్లు చేయుదము. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చెదననిన దినమున రక్షణ అతని యింటికి వచ్చెను. మన యిండ్లకును ఆ దినమును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.